ఎర్ర చొక్కాల కుటుంబం

మా అక్క మొగుడు ఒక అద్దకం మిల్లులో నాణ్యత అధికారి. రంగు వేసిన గుడ్డ మిల్లు గేటు దాటాలంటే ఆయన సంతకం పడాలి. తెల్లగుడ్డ ముక్కతో రుద్ది చూస్తాడు, నీళ్ళలో నానబెట్టి చూస్తాడు, ఎండలో ఆరేసి చూస్తాడు. రంగు వదిలితే ఆ గుడ్డ తాను వెనక్కి పోవాల్సిందే. ఈ పని మిల్లు వరకే ఉంటే లోకానికి ఏ బాధా లేదు. ఆయన ఇంటికొచ్చాక కూడా అదే పని చేస్తాడు. అక్క మడిచిన దుప్పటి అంచులు కలిశాయో లేదో కొలుస్తాడు. మా నాన్న దగ్గితే అది ఏ రకం దగ్గో తేలుస్తాడు. నేను పదకొండేళ్ళుగా ల్యాబులో రక్తం తీసే పని చేస్తున్నాను. సూది ఏ కోణంలో గుచ్చాలో నాకు కూడా ఒకసారి పాఠం చెప్పాడు, భోజనం చేస్తూ.

అలాంటి మనిషికి సెలవులొస్తే ఇంకేముంది. థీమ్ పార్కుకి వెళ్దామని అక్క కూతురు చిట్టి ఏడాదిగా పోరుతోంది. చివరికి బావ ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడంటే, ఆ విహారాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. మర్నాటికల్లా టైమ్‌టేబుల్ తయారైంది. తొమ్మిదీ పదికి గుర్రాల రంగులరాట్నం, తొమ్మిదీ నలభైకి దయ్యాల కొంప, పదకొండున్నరకి అలల కొలను. నీళ్ళు తాగడానికి కూడా రెండు వేళలు పెట్టాడు. ఆ కాగితం మీద ఎక్కడా ‘సరదా’ అన్న మాట లేదు. దానికి టైము కేటాయించడం మర్చిపోయినట్టున్నాడు.

అదీ కాక చొక్కాలు. గుంపులో ఎవరూ తప్పిపోకుండా అందరం ఒకే రంగు వేసుకోవాలట. మిల్లు నుంచి ప్రత్యేకంగా గుడ్డ తెచ్చి, టైలరుకిచ్చి, ఐదు చొక్కాలు కుట్టించాడు. ఎరుపంటే మామూలు ఎరుపు కాదు. చూస్తే కళ్ళు మండే ఎరుపు. వెనకాల వీపు మీద తెల్ల అక్షరాలతో ‘మా కుటుంబం’ అని రాయించాడు. ఎవరి కుటుంబమని లోకం అడిగిందో మరి.

బయలుదేరే రోజు పొద్దున హాల్లో అందర్నీ వరసగా నిలబెట్టి, జేబులోంచి తెల్ల రుమాలు తీసి నాన్న భుజం మీద బరబరా రుద్దాడు. రుమాలు తెల్లగానే ఉంది.

“చూశారా మామయ్యగారూ? ఒక్క చుక్క రాదు. ఇదీ క్వాలిటీ అంటే.”

“భుజం నొప్పెట్టింది అల్లుడుగారూ,” అన్నాడు నాన్న.

మా నాన్న ముప్పై రెండేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. అమ్మ పోయాక అక్క దగ్గరే ఉంటున్నాడు. ఆయన గొంతు గురించి చెప్పాలి. మామూలుగా మాట్లాడితే పక్కింటి వాళ్ళు జవాబిస్తారు.

పార్కు గేటు దగ్గరే మొదటి పేచీ. నీటి ఆటలకి నైలాను బట్టలు తప్ప పనికిరావని అక్కడి బోర్డు మీద రాసి ఉంది. గేటు మనిషి ఆ మాటే చెప్పాడు. బావ నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు. ఎదుటివాడికి ఏమీ తెలియదని రుజువైనప్పుడు నవ్వే నవ్వది.

“బాబూ, నేనున్నదే బట్టల్లో. ఇది పాలిస్టర్ కలిసిన నూలు. నీ నైలాను కంటే నయం.”

“రూలు సార్.”

“రూలు ఎందుకు పెట్టారో తెలుసా నీకు? నే చెప్తా విను.”

పావుగంట చెప్పాడు. మా వెనకాల క్యూ పెరిగింది. ఎవరో పిల్లాడు ఏడుపు మొదలెట్టాడు. గేటు మనిషి విసిగిపోయి ఒక రిజిస్టరు తెరిచాడు. “బట్టల వల్ల ఏం జరిగినా బాధ్యత మీదే అని రాసి సంతకం పెట్టండి.” బావ ఆనందంగా పెట్టాడు. పేరు, కింద హోదా, దాని కింద గాలిపటం తోకలా మెలికలు తిరిగిన సంతకం. సంతకం పెట్టే అవకాశం దొరికితే ఆయన కడుపు నిండిపోతుంది.

రంగులరాట్నం గురించి చెప్పేదేమీ లేదు. గుర్రాలు గుండ్రంగా తిరిగాయి. బావ వాటి రంగు ఎక్కడెక్కడ పెచ్చులూడిందో లెక్కపెట్టాడు.

దయ్యాల కొంప మాత్రం చెప్పుకోదగ్గది. చీకటి, పొగ, ఎవరో మూలుగుతున్న శబ్దం. “ఇదంతా స్పీకర్లే, చిట్టీ, భయపడకు,” అంటూ ముందు నడిచిన బావ రెండో మలుపులో వెనక్కి వచ్చాడు. మూడో మలుపులో నా జడ ఎవరో పట్టుకున్నారు. దయ్యమేమో అనుకుని తిరిగి చూస్తే బావ. కళ్ళు గట్టిగా మూసుకుని, నా జడని బస్సులో కమ్మీలా పట్టుకుని నడుస్తున్నాడు. ఇంతలో పైనుంచి జుట్టు విరబోసుకున్న ఒక ఆకారం దిగి నాన్న భుజం మీద చెయ్యి వేసింది. నాన్న ఉలిక్కిపడలేదు.

“దారికడ్డం నిలబడకమ్మా,” అన్నాడు, ముప్పై రెండేళ్ళ అలవాటుగా. “ముందుకు జరుగు. లోపల బోలెడు ఖాళీ ఉంది.”

ఆ ఆకారం నిజంగానే పక్కకి జరిగింది. చిట్టి నవ్వి నవ్వి నేల మీద కూలబడింది. బయటికొచ్చాక బావ చొక్కా సర్దుకుని, “లైటింగ్ బాగా తక్కువ పెట్టారు. కంప్లయింట్ చేయాలి,” అన్నాడు. నా జడ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇలాంటివి దాచుకుంటే ఎప్పుడైనా పనికొస్తాయి.

పదకొండున్నరకి అలల కొలను. సముద్రమంత కొలను అని బోర్డు మీద రాశారు. చూస్తే ఒక పెద్ద తొట్టి, అందులో పచ్చడి జాడీలో ముక్కల్లా కిక్కిరిసిన జనం. సైరన్ మోగితే గోడలోంచి అలలొస్తాయి. జనం కేకలు పెడతారు. సైరన్ ఆగితే ఆపేస్తారు. అందరూ చెప్పిన టైముకి సంతోషపడే చోటది. మా బావకి నచ్చకుండా ఎలా ఉంటుంది?

“నేను బ్యాగుల దగ్గరుంటాను. నాకు జలుబు చేసేలా ఉంది,” అంది అక్క. ఆమె ముక్కు శుభ్రంగానే ఉంది. నేను పట్టించుకోలేదు.

మేం నలుగురం నీళ్ళలోకి దిగాం. నడుము లోతు వరకూ బాగానే ఉంది. సైరన్ మోగింది. మొదటి అల వచ్చి నాన్నని మెడ దాకా ముంచింది. నాన్న పసిపిల్లాడిలా నవ్వాడు. అమ్మ పోయాక ఆయన అలా నవ్వగా చూడలేదు. రెండో అల, మూడో అల. నాలుగో అల వెనక్కి తగ్గినప్పుడు నాన్న చుట్టూ నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి.

చిట్టి చుట్టూ కూడా. నా చుట్టూ కూడా. మా నలుగురి దగ్గర నుంచీ పొగలాగా ఎరుపు విచ్చుకుంటూ జనంలోకి పాకుతోంది. బావ తన చేతుల వంక చూసుకున్నాడు. మోచేతుల దాకా ఎరుపు. చూసింది ఒక్క క్షణమే. ఆ క్షణంలోనే ఆయనకంతా అర్థమైందని నేను ఒట్టేసి చెప్పగలను. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ముందుగా భుజాలే తడుముకున్నాడు. తర్వాత మెల్లగా, అటూ ఇటూ చూస్తూ, మా నుంచి దూరంగా జరగడం మొదలెట్టాడు. వీపు మీద ‘మా కుటుంబం’ అని రాసుకుని కుటుంబం నుంచి పారిపోతున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను.

“అయ్యో, రక్తం! రక్తం!” అని ఎవరో ఆడమనిషి కెవ్వుమంది.

ఇక చూడండి. గట్టు మీద గార్డు ఈల వేశాడు. అలలు ఆగిపోయాయి. జనం ఒకరి మీద ఒకరు పడుతూ గట్టెక్కారు. తెల్ల టోపీలు పెట్టుకున్న ఈత క్లబ్బు ఆడపిల్లలు పదిమంది బయటికొచ్చేసరికి గులాబీ టోపీల క్లబ్బయ్యారు. ఒకాయన తన కాళ్ళూ చేతులూ అన్నీ ఉన్నాయో లేవో తడిమి చూసుకున్నాడు. కొలను ఖాళీ అయింది. ఎర్రగా, ముద్దగా తడిసిన మేం నలుగురం, పారిపోబోయిన బావతో సహా, గట్టు మీద దోషుల్లా మిగిలాం.

“దెబ్బ ఎవరికి తగిలింది?” గార్డు పరిగెత్తుకొచ్చాడు. “రక్తం ఎవరిది?”

అది రక్తం కాదని నాకు తెలుసు. రక్తం నీళ్ళలో అలా కలవదు, ఆ రంగులో ఉండదు. నోరు తెరిచి చెప్పబోయాను. బావ నాకంటే ముందున్నాడు. గార్డు చెవి దగ్గరికి వంగి, గొంతు తగ్గించి, నాన్న వైపు వేలు చూపించాడు.

“పెద్దాయనకండీ. ఆయనకి ఎప్పట్నుంచో ఒక... ఇబ్బంది ఉంది. కూర్చునే చోట. వయసు కదా.”

నాకు వినబడింది. గార్డుకి అర్థమైంది. గార్డు వైర్‌లెస్‌లో చెప్పిన మాట గట్టు మీదున్న వందమందికీ అర్థమైంది. అందరి చూపులూ ఒక్కసారిగా నాన్న నడుము వైపు తిరిగాయి. ముక్కు మూసుకున్న వాళ్ళు కూడా ఉన్నారు. ఇద్దరు మనుషులు స్ట్రెచర్ తెచ్చి, ఆయన వద్దంటున్నా వినకుండా, బోర్లా పడుకోబెట్టారు.

“ఏమిటండీ అల్లుడుగారూ?” నాన్న తల పైకెత్తి అడిగాడు. “నాకున్న ఇబ్బందేమిటి?”

ఆ గొంతు పార్కు నాలుగు మూలలా వినబడింది. రంగులరాట్నం దగ్గర జనం కూడా తిరిగి చూసి ఉంటారు.

“మీరు పడుకోండి మామయ్యగారూ. ఆయాసపడకండి,” అన్నాడు బావ, కన్నకొడుకు కూడా చూపించనంత ప్రేమతో.

ఆ మాట విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. అంతవరకూ ఆయన నా దృష్టిలో ఒక చాదస్తం, అంతే. దుప్పటి అంచులు కొలిచే మనిషి. తన పరువు జారిపోతుంటే పట్టుకోవడానికి డెబ్బై ఏళ్ళ ముసలాయన్ని పదిమందిలో బోర్లా పడుకోబెట్టగలడని ఆ రోజే తెలిసింది.

ప్రథమ చికిత్స గది చిన్నది. ఒక మంచం, ఒక బల్ల, దూది డబ్బా, గోడ మీద నవ్వుతున్న బాతు బొమ్మ. నర్సు కళ్ళజోడు సర్దుకుని, “పెద్దాయనా, కొంచెం పక్కకి తిరగండి, చూడాలి,” అంది.

“చూడ్డానికేం లేదమ్మా అక్కడ,” అన్నాడు నాన్న, పైజమా నాడా రెండు చేతులతో పట్టుకుని.

“అది రక్తం కాదు సిస్టర్,” అన్నాను నేను. “చొక్కా రంగు.”

“మరదలా, నీకు తెలీదు, నువ్వూరుకో,” అన్నాడు బావ.

“రోజుకి అరవై మందికి రక్తం తీస్తాను బావా. నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?”

నర్సు మాటలు పెంచలేదు. దూది తడిపి నాన్న చొక్కా భుజం మీద ఒక్కసారి అద్దింది. దూది దానిమ్మ గింజలా అయింది. చొక్కా విప్పమని తీసుకుని, పిండుదామని తిరగేసింది. లోపలి వైపు, అంచు దగ్గర, ఒక నల్లని ముద్ర. కళ్ళజోడు దగ్గరికి తెచ్చుకుని పైకే చదివింది.

“తిరస్కరించబడినది. తడిలో రంగు దిగును.”

అప్పటికే పార్కు సూపర్‌వైజరు గేటు రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ముద్ర కింద చెరగని సిరాతో ఒక సంతకం ఉంది. ఆయన రిజిస్టరు తెరిచి పక్కన పెట్టాడు. అదే గాలిపటం, అదే తోక.

“ఈ సంతకం మీదేనా సార్?”

బావ తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. తానే పరీక్షించి, తానే పనికిరాదని ముద్ర కొట్టి పక్కన పడేసిన తానుని, ఊరికే వస్తోంది కదా అని ఇంటికి మోసుకొచ్చి మా ఒంటి మీద వేశాడు. పొద్దున రుమాలుతో రుద్దింది పొడి గుడ్డ. పొడిగా ఉంటే రాదని ఆయనకి తెలుసు. తడిస్తే వస్తుందని కూడా తెలుసు. మరి కొలనులోకి ఎలా దించాడంటారా? తన ఇంటి విషయానికొచ్చేసరికి తన ముద్ర కూడా పనిచెయ్యదనుకున్నాడు.

గుమ్మం దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. అక్క. రెండు భుజాలకీ బ్యాగులు, ఒంటి మీద పొడి పొడిగా, నిగనిగలాడుతూ ఎర్ర చొక్కా.

“నీకు ముందే తెలుసా?” అన్నాను.

“ఇస్త్రీ చేసేటప్పుడు చూశాను. ‘ఏవండీ, ఇదేదో ముద్ర ఉంది’ అన్నాను. ‘నీకేం తెలుసు, లోపలి వైపేగా’ అన్నారు.” అంతవరకూ నవ్వుతున్న అక్క మంచం మీదున్న నాన్న వైపు చూసి ఆగిపోయింది. “సరే, తడిస్తే ఆయనకే బుద్ధొస్తుందనుకున్నాను. నాన్నని ఇలా చేస్తారనుకోలేదు. నాదీ తప్పే నాన్నా.”

తప్పు ఒప్పుకోవడం ఎంత తేలికో ఆ గదిలో మొదటిసారి కనబడింది. బావ మాత్రం దాన్ని నేర్చుకోలేదు. కొలను నీళ్ళు మార్చడానికి మూడు గంటలు పడుతుందనీ, మిల్లుకి ఉత్తరం రాయక తప్పదనీ సూపర్‌వైజరు అన్నాడు. బావ గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“మిల్లుకొద్దు సార్. మీరేం చెయ్యమంటే అది చేస్తాను.”

సూపర్‌వైజరు నాన్న వైపు తిరిగాడు. “అవమానం జరిగింది పెద్దాయనకి. ఆయన్నే అడగండి.”

నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. ఎర్రబడ్డ బనీను, గులాబీ రంగెక్కిన తెల్ల జుట్టు. ఎవరైనా నవ్వాలి. ఎవరూ నవ్వలేదు.

“నాకేదో ఇబ్బందుందని వందమందికి చెప్పారు కదా అల్లుడుగారూ,” అన్నాడు, మొదటిసారి గొంతు తగ్గించి. “లేదని కూడా మీరే చెప్పండి. ఇక్కడ మైకుంటుందిగా.”

మైకు గది పక్కనే. అందరం వెళ్ళాం. బావ మైకు ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. “ప్రియమైన సందర్శకులారా,” అని మొదలెట్టి, నీటిలో రసాయనాల నిష్పత్తి గురించి ఏదో అనబోయాడు.

“అది కాదు నాన్నా,” అంది చిట్టి.

బావ మళ్ళీ మొదలెట్టాడు. “కొలను దగ్గర... మా మామగారికి...”

“వినపడట్లేదు,” అన్నాడు నాన్న. “గట్టిగా. వెనక సీటు దాకా వినపడాలి.”

“మా మామగారికి ఏ ఇబ్బందీ లేదు!” బావ అరిచాడు. పార్కంతా ఆ మాట రెండుసార్లు మారుమోగింది. “కూర్చునే చోట గానీ, ఇంకెక్కడ గానీ లేదు. నీళ్ళలో కలిసింది చొక్కాల రంగు. ఆ చొక్కాలు తెచ్చింది నేను. తడిస్తే రంగు దిగుతుందని... నాకు తెలుసు.”

బయట ఎక్కడో మొదలైన నవ్వు కొలను దాటి, రంగులరాట్నం దాటి, మైకు గది కిటికీ దాకా వచ్చింది. ఈత క్లబ్బు ఆడపిల్లలు గులాబీ టోపీలు గాల్లోకి విసిరారు. సూపర్‌వైజరు రిజిస్టరు మూసేశాడు. మిల్లుకి ఉత్తరం రాయలేదు.

నాన్న లేచి బయటికి నడిచాడు. దారిలో ఒకావిడ చేతులు జోడించి, “తప్పుగా అనుకున్నాం పెద్దాయనా,” అంది. “పర్లేదమ్మా, దిగండి దిగండి, ఎండ మండిపోతోంది,” అన్నాడు. ఎక్కడికి దిగమన్నాడో ఆయనకే తెలియాలి.

మూడు గంటల తర్వాత కొలను తెరిచారు. అక్క పార్కు వాళ్ళిచ్చే నైలాను బట్టలు తెచ్చుకుని, చిట్టి చెయ్యి పట్టుకుని నేరుగా అన్నిటికంటే ఎత్తైన జారుడు గొట్టం మెట్లెక్కింది. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో అక్క ఏ ఎత్తు ఎక్కడమూ నేను చూడలేదు. పైనుంచి జారుతూ ఆమె పెట్టిన కేకకి గార్డు మళ్ళీ ఈల అందుకున్నాడు. తొమ్మిదిసార్లు జారింది. బావ తువ్వాలు కప్పుకుని బెంచీ మీద బ్యాగులకి కాపలా కూర్చున్నాడు. టైమ్‌టేబుల్ కాగితం ఒళ్ళో ఉంది గానీ, దాని వైపు చూడలేదు.

ఆ దెబ్బతో మనిషి మారిపోయాడని రాస్తే మీకు బాగుంటుంది. మారలేదు. వారం రోజులు పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కుని, మెడకి మఫ్లరు చుట్టుకుని మిల్లుకి వెళ్ళాడు. ఒంటి మీద రంగు పోయిన రోజే నోరు తిరిగొచ్చింది. కింద పడ్డా పైచెయ్యి తనదే కావాలిగా. ఇప్పుడు చుట్టాల దగ్గర ఆ కథ చెబితే అందులో తప్పంతా కొలనుదే. “క్లోరిన్ గుప్పించేశారండీ. అంత క్లోరిన్‌లో ఏ రంగైనా దిగుతుంది,” అంటాడు.

ఒక్క తేడా మాత్రం వచ్చింది. ఇదివరకు ఆయన మాట్లాడుతుంటే అక్క లోపలికి వెళ్ళిపోయేది. ఇప్పుడు వెళ్ళదు. ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఆయన క్లోరిన్ దాకా రాగానే, “మైకులో చెప్పింది కూడా చెప్పండి,” అంటుంది. బావ మాట మార్చి వాతావరణం గురించి అడుగుతాడు.

మొన్న సెలవులకి కొండల మీదికి వెళ్ళాం. చిట్టి, నాన్న, అక్క, నేను. బావకి మిల్లులో పని ఉందని అక్కే నిర్ణయించింది. ఉందో లేదో ఎవరూ పరీక్షించలేదు.